యూరప్ ప్రయాణం: వీసా రాకముందే విమాన టికెట్లు కొనవచ్చా?

తెనాలి_రవళి

మేము ఇద్దరం, మా బాబు, మా అత్తగారు, మామగారు కలిసి ఐదుగురం మే 16న హైదరాబాదు నుంచి బయలుదేరి, పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో ఐదు, ఇటలీలో ఐదు ఉండి, 30న రోమ్ నుంచి తిరిగి రావాలని అనుకుంటున్నాం. ఇంకా జనవరిలోనే ఉన్నాం గనుక సమయం ఉందనే అనుకున్నాను గానీ, ఇంట్లో ముగ్గురిది మూడు మాటలుగా ఉంది. ఇప్పుడు ధర తక్కువగా ఉంది, వేసవి సెలవులు దగ్గరపడితే పెరుగుతుంది, వెంటనే కొనేద్దామని మావారు అంటున్నారు. వీసా చేతికి రాకుండా లక్షలు పోసి టికెట్లు కొనడం ఏమిటని మామగారు అడుగుతున్నారు. అసలు టికెట్టే అక్కరలేదు, వీసా కోసం డమ్మీ టికెట్టు తానే ఇస్తానని మా ఊరి ఏజెంటు చెబుతున్నాడు.

వివరాలు కూడా చెబుతాను. మామగారు రిటైరైన ఉపాధ్యాయులు, పింఛను వస్తుంది, కొద్దిగా పొలం ఉంది. అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే చోట ఉంది. బాబుకు తొమ్మిదేళ్ళు, వాడి పాస్‌పోర్టు గడువు ఆగస్టు 9 వరకు ఉంది. ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి?

విమానం_రాజు

మీవారి మాటే నా మాట. మే, జూన్ నెలల్లో హైదరాబాదు నుంచి యూరప్‌కు డిమాండు ఎక్కువ. పిల్లల సెలవులు, అమెరికా వెళ్ళే తల్లిదండ్రుల రద్దీ, రెండూ ఒకేసారి వస్తాయి. గల్ఫ్ మీదుగా వెళ్ళే విమానాల్లో అమెరికా ప్రయాణికులు కూడా ఉంటారు కాబట్టి చవక సీట్లు తొందరగా అయిపోతాయి. పత్రాలు సరిగ్గా ఉన్న కుటుంబానికి వీసా రాదని ముందే భయపడటం ఎందుకు?

కృష్ణాతీరం

రాజు గారూ, భయం సంగతి అటుంచండి, లెక్క చూడండి. రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాని టికెట్లు ఐదు కొన్నాక, ఐదుగురిలో ఒక్కరికి వీసా రాకపోయినా ఆ కుటుంబం ప్రయాణం మానుకుంటుంది. పెద్దవాళ్ళను ఇంట్లో వదిలి వీళ్ళు పారిస్ వెళతారా? ఒక్కరి టికెట్టుతో పోయే నష్టం కాదిది.

టికెట్_కౌంటర్

నేను ట్రావెల్ కార్యాలయంలో పనిచేస్తాను. టికెట్టు గురించి, వీసా గురించి మాట్లాడేముందు రవళి గారి చివరి వాక్యాల దగ్గర ఆగాలి. బాబు పాస్‌పోర్టు ఆగస్టు 9న ముగుస్తుందని రాశారు. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) నిబంధన ప్రకారం, మీరు ఆ దేశాల నుంచి బయటికి వచ్చే తేదీ తరువాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. మే 30న రోమ్ నుంచి బయలుదేరితే ఆగస్టు 30 వరకు ఉండాలి. ఇరవై ఒక్క రోజులు తక్కువయింది. ఈ పాస్‌పోర్టుతో దరఖాస్తు పెడితే వీసా రాదు.

పిల్లల పాస్‌పోర్టు మనదేశంలో ఐదేళ్ళకే ఇస్తారు. పెద్దల పాస్‌పోర్టుకు పదేళ్ళు కాబట్టి దాని మీద అందరికీ దృష్టి ఉంటుంది, పిల్లలది మరుగున పడిపోతుంది. అందుకే ఎవరైనా విదేశీ ప్రయాణం అనగానే నేను అడిగే మొదటి ప్రశ్న ఊరు గురించి కాదు, ఇంట్లో ఉన్న పాస్‌పోర్టులన్నీ బల్ల మీద పెట్టమంటాను. గడువు తేదీ, జారీ అయిన తేదీ, కనీసం రెండు ఖాళీ పేజీలు, పేరు, పుట్టిన తేదీ, ఇవన్నీ ఒక్కొక్కటిగా చూడాలి.

కాబట్టి మీ విషయంలో వరుస ఇలా ఉండాలి: బాబు పాస్‌పోర్టు రీఇష్యూ ముందు, వీసా కేంద్రంలో స్లాటు తరువాత, రద్దు చేసుకోగలిగిన బుకింగులు ఆ తరువాత, వీసా వచ్చాకే తిరిగి రాని సొమ్ము. స్లాటు తీసుకునేటప్పుడు పాస్‌పోర్టు నంబరు ఇవ్వాలి, కొత్త పాస్‌పోర్టుకు నంబరు మారుతుంది. అందువల్ల మొదటి రెండింటినీ తారుమారు చేయకండి.

తెనాలి_రవళి

గడువు ఆగస్టు దాకా ఉంది కదా, మేలో వచ్చేస్తాం కదా అనే ఇంట్లో అందరం అనుకుంటున్నాం. రీఇష్యూకు ఎంత కాలం పడుతుంది? అత్తగారి పాస్‌పోర్టు కూడా మార్పించాలా?

టికెట్_కౌంటర్

పిల్లలకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్-డి ప్రకటన కావాలి. మీ ఇద్దరికీ చెల్లుబాటయ్యే పాస్‌పోర్టులు ఉంటే పని సాధారణంగా తొందరగానే అవుతుంది. తత్కాల్ దారి కూడా ఉంది గానీ జనవరిలోనే ఉన్నారు గనుక మామూలు పద్ధతి సరిపోతుంది. విజయవాడలో అపాయింట్‌మెంటు దూరంగా కనిపిస్తే గుంటూరు వైపు తపాలా కార్యాలయాల్లో ఉన్న పాస్‌పోర్టు కేంద్రాలు కూడా చూడండి.

మియాపూర్_మూర్తి

అత్తగారి పేరు విషయం తేలికగా తీసుకోకండి. 2022 నవంబరు నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (దుబాయ్, అబుదాబి ఉన్న దేశం) ప్రభుత్వం పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని పర్యాటక వీసా మీద రానివ్వడం లేదు. మన జిల్లాల్లో ఒకప్పుడు తీసుకున్న పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు, అన్నీ ‘గివెన్ నేమ్’ గడిలోనే రాసేసి, ‘సర్‌నేమ్’ గడి వదిలేసేవారు. ఇలాంటివి ఇళ్ళలో చాలా ఉన్నాయి.

టికెట్_కౌంటర్

మూర్తి గారు చెప్పిన నిబంధన నిజమే, అయితే అది దుబాయ్‌లోనో అబుదాబిలోనో దిగి ఊళ్ళోకి వెళ్ళేవారికి. విమానాశ్రయం దాటకుండా మరో విమానం ఎక్కేవారికి ఆ దేశపు వీసాతో పని లేదు గనుక వర్తించదు. తిరుగు ప్రయాణంలో ఒక రోజు దుబాయ్ చూద్దామన్న ఆలోచన ఉంటే మాత్రం ముందే సరిచేయించుకోవాలి. ఆ నిబంధనకు కూడా ఒక సడలింపు ఇచ్చారు. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే అంగీకరిస్తామన్నారు.

షెంగెన్ వీసాకు ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం అడ్డు కాదు. చిక్కు టికెట్టు దగ్గర వస్తుంది. విమాన సంస్థల వెబ్‌సైట్లు ఇంటిపేరు గడి నింపనిదే ముందుకు పోనివ్వవు. ఒక సంస్థ ఉన్న పేరునే రెండు గడుల్లోనూ రాయమంటుంది, ఇంకొకటి ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని రాయమంటుంది. ఊహించి రాయకుండా మీరు ఎక్కబోయే సంస్థ వారి పద్ధతి కనుక్కుని దాని ప్రకారమే రాయండి. ఇంటర్నెట్‌లో ‘పేరు చివరి ముక్క ఇంటిపేరు’ అని సలహా ఇచ్చేవారు మన పేర్లను ఎరగరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది.

ఓరుగల్లు_బిడ్డ

డమ్మీ టికెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. మా బావమరిది కుటుంబానికి ఒక ఏజెంటు ఇచ్చిన టికెట్టు కాగితం మీద పీఎన్‌ఆర్ ఉంది, విమానం నంబరు ఉంది, చూడటానికి అచ్చం టికెట్టే. దరఖాస్తు పరిశీలనకు వచ్చే సమయానికి ఆ పీఎన్‌ఆర్ విమాన సంస్థ వెబ్‌సైటులో తెరుచుకోలేదు. ప్రయాణ ఉద్దేశానికి ఇచ్చిన సమాచారం నమ్మదగినదిగా లేదన్న గడిలో టిక్కు పెట్టిన తిరస్కరణ పత్రం చేతికి వచ్చింది. ఆ తరువాత ప్రతి దరఖాస్తులోనూ ఆ తిరస్కరణ గురించి వివరణ రాసుకోవలసి వస్తోంది. ఏజెంటు మాత్రం ఫోను ఎత్తడం మానేశాడు.

విమానం_రాజు

బిడ్డ గారూ, అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. విమాన సంస్థ తానే కొద్దిపాటి రుసుము తీసుకుని కొన్ని రోజులు సీటు, ధర నిలిపి ఉంచే సౌకర్యం ఇస్తుంది. అది నిజమైన రిజర్వేషను. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చేది ఫోర్జరీ. రెండూ ఒకటి కావు.

ఓరుగల్లు_బిడ్డ

ఒప్పుకుంటున్నాను. కానీ పరిశీలన సాధారణంగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల వరకు సాగవచ్చని నిబంధనల్లోనే ఉంది. రెండు మూడు రోజులు నిలిపే రిజర్వేషను అంతవరకు బతికి ఉంటుందా?

టికెట్_కౌంటర్

ఈ ఇద్దరి మాటల మధ్యే దారి ఉంది. వీసాకు డబ్బు చెల్లించిన టికెట్టు తప్పనిసరి కాదు, తిరుగు ప్రయాణంతో సహా రిజర్వేషను చాలు. అది నిజమైనదై ఉండాలి, పరిశీలన జరిగేటప్పుడు నిలిచి ఉండాలి. నేను చెప్పేది ఏమిటంటే, విమాన సంస్థ సొంత వెబ్‌సైటులో, రద్దు చేస్తే కొంత కోతతో మిగతాది తిరిగి వచ్చే రకం టికెట్టు కొనండి. ఒకే విమానానికి మూడు నాలుగు రకాల ధరలు చూపిస్తారు. అన్నింటికంటే చవక దానికి, దాని పైదానికి తేడా ఎంతో చూసి ఐదుతో గుణించండి. ఆ మొత్తం మీకు వీసా రాకపోతే పోయే సొమ్ముకు బీమా లాంటిది. రాజు గారు భయపడే ధరల పెరుగుదల నుంచీ కాపాడుతుంది, కృష్ణాతీరం గారు భయపడే మొత్తం నష్టం నుంచీ కాపాడుతుంది. రద్దు రుసుము ఒక్కో మనిషికా, ఒక్కో దిశకా, అన్నది మాత్రం చెల్లించేముందే చదవండి.

బుకింగ్ సైట్ల ద్వారా కొంటే కొన్ని వందలు తగ్గవచ్చు గానీ, విమానం వేళ మారినప్పుడు విమాన సంస్థ ‘మీరు కొన్నచోట అడగండి’ అంటుంది, కొన్నచోట ‘విమాన సంస్థను అడగండి’ అంటారు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఆ తిరుగుడు మనకు అక్కరలేదు.

పారిస్_పద్మ

రాత్రుల లెక్క చూశారా ఎవరైనా? ఫ్రాన్స్ నాలుగు, స్విట్జర్లాండ్ ఐదు, ఇటలీ ఐదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలన్నది నియమం. ఇక్కడ రెండు దేశాలు సమానంగా ఉన్నాయి. ముఖ్య గమ్యం తేలనప్పుడు మొదట అడుగు పెట్టే దేశానికి వెళ్ళాలంటారు, మీరు మొదట అడుగు పెట్టేది తక్కువ రాత్రులున్న ఫ్రాన్స్‌లో. ఇలాంటి ప్రణాళిక చూస్తే ఏ కాన్సులేటు అధికారికైనా ఇది మా పని కాదన్న సందేహం వస్తుంది. ఒక రాత్రి అటో ఇటో జరిపి ఒక దేశాన్ని స్పష్టంగా ముందుకు తెండి. ఇటలీకి ఆరు, స్విట్జర్లాండ్‌కు నాలుగు అనుకోండి, ఇటలీ దరఖాస్తు అవుతుంది. ఎవరూ ప్రశ్నించలేరు.

సీతాఫలం

అంత ఆలోచన ఎందుకండీ? హైదరాబాదులో ఏ దేశానికి స్లాటు దొరికితే ఆ దేశానికి కాగితాలు చూపించి, వీసా వచ్చాక నచ్చినట్టు తిరిగితే సరిపోతుంది. లోపల సరిహద్దుల దగ్గర ఎవరూ అడగరు.

పారిస్_పద్మ

సీతాఫలం గారూ, ఇది ప్రమాదకరమైన సలహా, దయచేసి ఎవరూ పాటించకండి. మొదట దిగిన విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి హోటల్ బుకింగులు చూపమని అడిగే హక్కు ఉంది. వీసా ఇచ్చిన దేశంలో ఒక్క రాత్రి కూడా లేకపోతే, మోసపూరితంగా పొందిన వీసాగా భావించి అక్కడికక్కడే రద్దు చేయగలరు. తరువాతి దరఖాస్తు మీద కూడా నీడ పడుతుంది. భారతీయులకు 2024 ఏప్రిల్ నుంచి ఒక మేలు జరిగింది. మూడేళ్ళలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడినవారికి రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ (పలుమార్లు వెళ్ళి రాగలిగే) వీసా, దాని తరువాత ఐదేళ్ళది ఇచ్చే పద్ధతి వచ్చింది. అంటే మొదటి ప్రయాణంలో నిజాయితీగా నడుచుకున్నదే రేపు పనికి వస్తుంది.

స్లాటును బట్టి దేశం ఎంచుకోవడం తప్పు కాదు. అయితే ప్రయాణాన్ని కూడా నిజంగా దాని ప్రకారం మార్చుకోవాలి.

సీతాఫలం

అర్థమైంది. నాకు తెలిసినవాళ్ళు అలా వెళ్ళి వచ్చారని చెప్పాను గానీ, రద్దు చేసే అధికారం ఉందని తెలియదు.

తెనాలి_రవళి

రాత్రులు మారుస్తాం, ఇటలీకి ఆరు చేస్తాం. దరఖాస్తు ఎప్పటిలోగా పెట్టాలి? మామగారి కాగితాలు ఏమేమి కావాలి? ఆయన ఐటీ రిటర్నులు వేస్తారు, పొలం కౌలుకు ఇచ్చారు.

లెక్కల_మాస్టారు

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, 15 రోజుల ముందు వరకు దరఖాస్తు పెట్టవచ్చు. 45 రోజుల గరిష్ఠ గడువును దృష్టిలో పెట్టుకుంటే, మార్చి మధ్యకల్లా మీరు కౌంటరు దగ్గర ఉండాలి. ఏప్రిల్‌లో స్లాట్ల కోసం అందరూ ఒకేసారి ఎగబడతారు. రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 45, దాని మీద కేంద్రం వారి సేవా రుసుము. వీసా రాకపోయినా ఇవి తిరిగి రావు.

మామగారి గురించి: పింఛను పత్రం, పింఛను జమ అయ్యే ఖాతా స్టేట్‌మెంటు, మూడేళ్ళ ఐటీ రిటర్నులు పెట్టండి. పొలానికి పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి రికార్డు) నకలు జోడించి, వాటికి ఇంగ్లీషు అనువాదం చేయించండి. ఊళ్ళో ఆస్తి, పింఛను, మనవడి బడి, ఇవన్నీ ఆయన తిరిగి వస్తారనడానికి ఆధారాలు, అధికారికి కావలసిందీ అదే. ఖర్చు మీవారు పెట్టుకుంటే ఆ మాట స్పష్టంగా రాసి సంతకం చేసిన లేఖ, ఆయన జీతం పత్రాలు, బంధుత్వం రుజువు కూడా ఉండాలి.

ఒక విషయం గట్టిగా చెబుతాను. దరఖాస్తుకు ముందు వారం బంధువుల దగ్గర తెచ్చి ఖాతాలో ఒకేసారి పెద్ద మొత్తం వేయకండి. అధికారి చూసేది చివరి నిల్వ ఒక్కటే కాదు, నెలనెలా డబ్బు వచ్చిపోయే తీరు. ధాన్యం అమ్మిన సొమ్మో, ఫిక్సెడ్ డిపాజిట్ గడువు తీరిన సొమ్మో నిజంగా వస్తే దానికి రసీదు జతచేసి, కవరింగ్ లెటరులో ఒక్క వాక్యం రాయండి.

బీమా కూడా దరఖాస్తులోనే పెట్టాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు, షెంగెన్ దేశాలన్నిటికీ, ప్రయాణపు రోజులన్నిటికీ వర్తించాలి. మామగారికి బీపీ, షుగరు ఉంటే దాచకుండా ప్రకటించండి, అంతకుముందే ఉన్న జబ్బుకు వర్తించే పాలసీ అడగండి. వీసా కోసమని దొరికిన చవక పాలసీ ఆసుపత్రిలో అక్కరకు రాదు.

కృష్ణాతీరం

టికెట్టు విషయంలో ఇంకొక జాగ్రత్త. హైదరాబాదు నుంచి గల్ఫ్ వరకు ఒక టికెట్టు, అక్కడి నుంచి యూరప్‌కు వేరే సంస్థలో ఇంకొక టికెట్టు కొంటే చవక అవుతుందని కొందరు చెబుతారు. మా పెద్దమ్మ కొడుకు అలా వెళ్ళాడు. మొదటి విమానం మూడు గంటలు ఆలస్యమైంది, రెండో విమానం వెళ్ళిపోయింది. రెండో సంస్థ దృష్టిలో అతను రాని ప్రయాణికుడు, అంతే. తిరుగు టికెట్టుతో సహా రద్దయింది. మొదటి సంస్థ తన బాధ్యత గల్ఫ్ వరకేనంది. పైగా సామాను తీసుకుని మళ్ళీ ఇవ్వాలంటే ఆ దేశంలోకి ప్రవేశించాలి, దానికి వీసా కావాలి. అతను రాత్రంతా కౌంటర్ల మధ్య తిరిగాడు. ఐదుగురికీ ఒకే పీఎన్‌ఆర్ మీద, ఒకే టికెట్టుగా రోమ్ నుంచి ఇంటి దాకా ఉండేలా చూసుకోండి.

విమానం_రాజు

దీనితో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తున్నాను. వెబ్‌సైటులో ‘మల్టీ సిటీ’ అన్న ఎంపిక ఉంటుంది. హైదరాబాదు నుంచి పారిస్, రోమ్ నుంచి హైదరాబాదు అని పెట్టండి. చాలాసార్లు రాకపోకల టికెట్టు ధరకు దగ్గరగానే వస్తుంది, మళ్ళీ పారిస్ దాకా వెనక్కి వెళ్ళే రైలు ఖర్చు, ఒక రోజు రెండూ మిగులుతాయి.

తేదీ కూడా చూసుకోండి. శంషాబాదు నుంచి పడమరకు వెళ్ళే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్టులో మే 16, 02.30 అని ఉంటే మీరు ఇంటి నుంచి కదలవలసింది 15 సాయంత్రమే. తెనాలి నుంచి రావాలి కాబట్టి 15 మధ్యాహ్నమే అనుకోండి.

జ్యూరిక్_వేణు

ఫ్రాంక్‌ఫర్టు లాంటి చోట విమానం మారి పారిస్ వెళితే, ఇమ్మిగ్రేషన్ పారిస్‌లో కాదు, ఫ్రాంక్‌ఫర్టులోనే అవుతుంది. 2025 అక్టోబరు 12న ఈఈఎస్ (ఎంట్రీ/ఎగ్జిట్ సిస్టమ్) అనే కొత్త పద్ధతి మొదలైంది, 2026 ఏప్రిల్ 10 నాటికి అన్ని సరిహద్దుల్లోనూ అమలు చేయాలని గడువు పెట్టారు. మొదటిసారి వచ్చేవారి ముఖం ఫొటో అక్కడ తీసుకుంటారు. వీసా ఉన్నవారి వేలిముద్రలు వీసా దరఖాస్తు సమయంలోనే తీసుకుని ఉంటారు గనుక వాటిని మళ్ళీ నమోదు చేయరు. పన్నెండేళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు. వరుసలు పొడవుగా ఉండవచ్చు గనుక పెద్దవాళ్ళతో గంట వ్యవధి కనెక్షను తీసుకోకండి, మూడు గంటలు ఉంచుకోండి. గల్ఫ్ మీదుగా నేరుగా పారిస్‌లో దిగితే ఈ బాధ లేదు, వరుస పొడవైనా తప్పిపోయే విమానం ఉండదు.

స్విట్జర్లాండ్ విషయానికి వస్తే, మనవాళ్ళందరూ యుంగ్‌ఫ్రౌయోక్ పేరే చెబుతారు. అది 3,454 మీటర్ల ఎత్తు. రైలు దిగగానే కొందరికి తల తిరుగుతుంది, ఊపిరి అందదు. మామగారికి గుండె సంబంధమైన ఇబ్బంది ఏదైనా ఉంటే డాక్టరును అడిగాకే టికెట్టు కొనండి. రిగి కొండ 1,798 మీటర్లే, పైదాకా రైలు వెళుతుంది, స్విస్ ట్రావెల్ పాస్ (ఆ దేశపు రైళ్ళు, బస్సులు, పడవలకు ఒకే టికెట్టు) ఉంటే దానికి వేరే ఖర్చు లేదు. అదే పాస్ యుంగ్‌ఫ్రౌయోక్‌కు పూర్తిగా వర్తించదు, గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఉచితం, అక్కడి నుంచి తగ్గింపు మాత్రమే. తల్లో తండ్రో పాస్ తీసుకుంటే 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు. అడిగి తీసుకోవాలి.

తెనాలి_రవళి

రిగి మాట అత్తగారికి చాలా నచ్చింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వీల్‌చైరు అడగవచ్చా? భోజనానికి ఏమి తీసుకువెళ్ళనిస్తారు?

టికెట్_కౌంటర్

తప్పకుండా అడగండి. టికెట్టు కొనగానే, ఆలస్యమైనా ప్రయాణానికి 48 గంటల ముందే చెప్పండి. మెట్లు ఎక్కగలరా లేదా అన్నది కూడా చెప్పాలి, దాన్ని బట్టి సాయం రకం మారుతుంది. విమానం మారేచోట, తిరుగు ప్రయాణంలో కూడా నమోదైందో లేదో చూసుకోండి.

పారిస్_పద్మ

భోజనం సంగతి నేను చెబుతాను. మాంసం, పాలు, వాటితో చేసినవి బయటి దేశాల నుంచి తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, గోంగూర మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి పెట్టెలో పెట్టవద్దు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా వద్దు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా అనుమతించరు. కందిపొడి, ఎండబెట్టి దంచిన కరివేపాకు పొడి, ఆవకాయ, చింతపండు తేవచ్చు. పచ్చళ్ళు చెక్-ఇన్ సామానులోనే ఉండాలి, చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే భద్రతా తనిఖీ దగ్గరే తీయించేస్తారు. మా అమ్మ ఆవకాయ సీసా మూతకు మైనం కాగితం కట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని పాత తువ్వాలులో చుట్టి, మళ్ళీ ఇంకొక సంచిలో పెడుతుంది. పెట్టె తెరిచేటప్పటికి తువ్వాలుకు వాసన ఉంటుంది గానీ మరక ఉండదు.

ఎండుకొబ్బరి కురిడీలు మాత్రం శంషాబాదులోనే ఆపుతారు. నూనె వల్ల వేడెక్కి అంటుకునే స్వభావం ఉందని వాటిని ప్రమాదకర వస్తువుల జాబితాలో పెట్టారు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో పెట్టకూడదు.

గోదావరి_గట్టు

రొయ్యల పచ్చడి సంగతి చెప్పలేదు పద్మ గారూ. మాకు అది లేనిదే ప్రయాణం లేదు.

పారిస్_పద్మ

చేపలు, రొయ్యలకు వేరే నియమం ఉంది. మనిషికి 20 కిలోల దాకా తేవచ్చు. గోదావరి జిల్లాలవారు నిశ్చింతగా బయలుదేరవచ్చు.

గోదావరి_గట్టు

20 కిలోలా! ఇక బట్టలు ఎవరికి కావాలి?

మియాపూర్_మూర్తి

అసలు విషయానికి వస్తే, డబ్బు గురించి ఒక మాట. బయలుదేరేముందు బ్యాంకు యాప్‌లో మీ కార్డుకు విదేశీ లావాదేవీలు తెరిచి ఉన్నాయో లేదో చూడండి, చాలా కార్డుల్లో అవి మూసి ఉంటాయి. అక్కడ కార్డు గీసినప్పుడు యంత్రం మీద ‘రూపాయల్లో చెల్లిస్తారా, యూరోల్లో చెల్లిస్తారా’ అని వస్తుంది. రూపాయలు చూసి సులువుగా ఉందని నొక్కితే వ్యాపారి వైపు బ్యాంకు తనకు నచ్చిన మారకం రేటు వేస్తుంది. ఎప్పుడూ యూరోలే, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులే నొక్కండి. ఓటీపీ వచ్చే సిమ్ పనిచేసేలా రోమింగ్ పెట్టించుకోండి.

ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవారు ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) అని కొంత అదనంగా వసూలు చేస్తారు. దాని శాతం బడ్జెట్‌లలో మారుతూ ఉంటుంది. అది పోయే సొమ్ము కాదు, ఎవరి పాన్ మీద కట్టారో వారి రిటర్నులో సర్దుబాటు అవుతుంది. అందుకని రిటర్నులు వేసేవారి పేరు మీదే కట్టించండి.

విమానం_రాజు

విమానం ఆలస్యమైతే హక్కులు ఏమిటో కూడా తెలుసుకుని ఉండండి. యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం నుంచి బయలుదేరే ఏ సంస్థ విమానానికైనా విమాన ప్రయాణికుల హక్కుల 261/2004 నియంత్రణ వర్తిస్తుంది. రోమ్ నుంచి గల్ఫ్ మీదుగా ఒకే టికెట్టు మీద హైదరాబాదు వచ్చేటప్పుడు, సంస్థ వల్లనే ఆలస్యమై నాలుగు గంటలు దాటి చేరితే మనిషికి 600 యూరోలు అడగవచ్చు. వాతావరణం లాంటి కారణాలకు రాదు. వెళ్ళేటప్పుడు గల్ఫ్ సంస్థ విమానమైతే ఇది వర్తించదు, యూరోపియన్ యూనియన్ సంస్థ అయితే వర్తిస్తుంది. టికెట్టు ఎంచుకునేటప్పుడు దీన్ని కూడా తూకంలో వేయండి.

కృష్ణాతీరం

సామాను రాకపోతే విమానాశ్రయం వదలకముందే ఫిర్యాదు రాయించి దాని నకలు తీసుకోవాలి. పెట్టె పగిలితే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో లిఖితపూర్వకంగా అడగాలి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు సంబంధించిన మాంట్రియల్ ఒప్పందం కింద ఇది అందరికీ వర్తిస్తుంది. పెద్దవాళ్ళ మందులు మాత్రం డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి.

తెనాలి_రవళి

బాబు పాస్‌పోర్టుకు విజయవాడలో అపాయింట్‌మెంటు తీసుకున్నాం. డమ్మీ టికెట్టు వద్దని ఏజెంటుకు మామగారే చెప్పారు. చూడవలసిన చోట్ల టికెట్లు కూడా వీసా వచ్చేదాకా ఆగాలా?

పారిస్_పద్మ

వాటికి మీరు తొందరపడినా అవి దొరకవు. ఐఫిల్ టవరు లిఫ్టు టికెట్లు సుమారు 60 రోజుల ముందు, రోమ్ కొలోసియం టికెట్లు 30 రోజుల ముందు తెరుస్తారు. మార్చి మధ్యలో దరఖాస్తు పెడితే కొలోసియం టికెట్లు తెరిచేసరికి చాలావరకు వీసా చేతిలో ఉంటుంది. ఐఫిల్ టికెట్లు మాత్రం ముందే వస్తాయి, వాటికి పోయేది కొద్ది సొమ్మే గనుక తీసుకోండి. లూవ్ర్ మంగళవారం, వెర్సాయి సోమవారం మూసి ఉంటాయి. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. రోజులు వేసుకునేటప్పుడు ఈ మూడూ చూసుకోండి.

టికెట్_కౌంటర్

కొలోసియం టికెట్లు పేర్ల మీద ఇస్తారు, గేటు దగ్గర గుర్తింపు చూస్తారు. అత్తగారి పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. చెల్లించేముందు ఐదు పాస్‌పోర్టులూ పక్కన తెరిచి పెట్టుకుని, ఇంకొకరిచేత పైకి చదివించుకుంటూ సరిచూడండి.